డాక్టరే హీరో... చావే క్లైమాక్స్!

మన సినిమాల్లో డాక్టరుగారికి రెండే డైలాగులు. ఆపరేషన్ థియేటర్ తలుపు తోసుకుని బైటికొచ్చి, కళ్ళజోడు తీసి, 'ఇంక భయం లేదు' అంటాడు. లేకపోతే 'మన చేతుల్లో ఏమీ లేదు, అంతా ఆ పైవాడి దయ' అంటాడు. ఆ రెండింట్లో ఏదంటాడోనని మనం ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాం.

'నేను ఆపరేషన్ చెయ్యను, ఈ బిడ్డ బతక్కపోతేనే మంచిది' అన్న డాక్టరు హీరోగా ఒక సినిమా వచ్చిందంటే నమ్ముతారా? వచ్చింది. 1917లో, అమెరికాలో. పైగా ఆ వేషం వేసింది నటుడు కాదు. నిజ జీవితంలో ఆ పని చేసి, ఒక పసికందుని చావుకి వదిలేసిన సర్జనే మొహానికి రంగేసుకుని కెమెరా ముందుకొచ్చాడు! సినిమా పేరు 'ది బ్లాక్ స్టార్క్'. పిల్లల్ని కొంగ ఎత్తుకొచ్చి ఇంట్లో దింపుతుందని తెల్లవాళ్ళు తమ పసివాళ్ళకి కథ చెబుతారు. మామూలుగా అది తెల్లకొంగ. ఇది నల్లకొంగ తెచ్చిన బిడ్డ కథ.

ఐదు రోజుల బిడ్డ

ఆ డాక్టరు పేరు హ్యారీ హైసెల్డెన్. షికాగోలో జర్మన్-అమెరికన్ హాస్పిటల్‌కి పెద్ద సర్జన్. 1915 నవంబరు 12న ఆ ఆస్పత్రిలో బోలింజర్ దంపతులకి మగబిడ్డ పుట్టాడు. ఒక చెవి లేదు, మెడ కుదురుగా లేదు, మలద్వారం మూసుకుపోయి వుంది. ఆ చివరిది ఆపరేషన్‌తో సరిచెయ్యొచ్చు. చెయ్యకపోతే ప్రాణం పోతుంది. హైసెల్డెన్ చెయ్యనన్నాడు. తల్లిదండ్రుల్ని ఒప్పించాడు. నవంబరు 17న బిడ్డ పోయాడు.

ఇలాంటివి ఆస్పత్రుల్లో గుట్టుచప్పుడు కాకుండా జరిగే రోజులవి. హైసెల్డెన్ మాత్రం పత్రికలవాళ్ళని పిలిచి మరీ చెప్పాడు. తర్వాత మరికొందరు పసివాళ్ళ విషయంలోనూ ఇలాగే చేసి, ఇలాగే చాటుకున్నాడు. దేశమంతా ఒకటే రభస. షికాగో పేదవాడల్లో పనిచేసే జేన్ ఆడమ్స్ లాంటి వాళ్ళు ఇది అన్యాయమన్నారు. డాక్టరుని వెనకేసుకొచ్చిన వాళ్ళలో ఎవరున్నారో తెలుసా? హెలెన్ కెల్లర్! చూపూ వినికిడీ రెండూ లేకుండానే ప్రపంచాన్ని గెలిచిందని మనం పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ఆ హెలెన్ కెల్లరే. ఇలాంటి బిడ్డలు బతకాలా వద్దా అన్నది డాక్టర్ల జ్యూరీ తేల్చాలని 1915 డిసెంబరులో పత్రికకి రాసింది. ఆ కాలపు గాలి ఎంత బలంగా వీచిందో చూడండి, ఆవిడ లాంటి మనిషిని కూడా తోసుకుపోయింది.

చావు మీద విచారణ జరిపిన కారొనర్ జ్యూరీ, ఆపరేషన్ చేసి వుంటే బిడ్డ ఇంకొంతకాలం బతికేవాడనీ, బహుశా ప్రాణమే దక్కేదనీ అంది. డాక్టరుకి శిక్ష మాత్రం అక్కర్లేదంది. షికాగో మెడికల్ సొసైటీ ఆయన్ని సభ్యత్వంలోంచి తీసేసింది గాని, అది బిడ్డ పోయినందుకు కాదు, పత్రికలకెక్కినందుకు! (ఈ ముక్క చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.)

ఆ గొడవలోంచి పుట్టింది సినిమా. షికాగో విలేఖరి జాక్ లెయిట్ కథ రాస్తే వార్టన్ సోదరులు తీశారు. వంశంలో జబ్బున్న కుర్రాడు, వద్దని డాక్టరు మొత్తుకున్నా వినకుండా ప్రేమించిన పిల్లని పెళ్ళాడతాడు. అవిటి బిడ్డ పుడతాడు. డాక్టరు ఆపరేషన్ చెయ్యనంటాడు. తల్లికి ఒక కల... ఆ బిడ్డ పెరిగి, అందరిచేతా వెక్కిరింపులు పడి, నేరాల్లోకి దిగి, చివరికి తనని బతికించిన డాక్టరునే కాల్చి చంపినట్టు! తల్లి ఉలిక్కిపడి లేచి 'సరే' అంటుంది. బిడ్డ ఆత్మ ఏసుక్రీస్తు చేతుల్లోకి చేరుతుంది. శుభం. ఇదే బొమ్మని అటూయిటూ కత్తిరించి, 'ఆర్ యూ ఫిట్ టు మ్యారీ?' అని పేరు మార్చి 1920లలో కూడా ఊళ్ళు తిప్పారు.

ఆ కలొక్కటి చాలు, స్క్రీన్‌ప్లేలో కిటుకు తెలియడానికి. ఐదు రోజుల బిడ్డ పెరిగితే ఏమవుతాడో ఎవరికి తెలుసు? కల రాసిన వాడికి తెలుసు, అంతే.

శాస్త్రం పేరుతో

దీని వెనక వున్నది 'యూజెనిక్స్'. 1883లో ఇంగ్లండుకి చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ పెట్టిన పేరు. మనవాళ్ళు సుజనన శాస్త్రం అంటారు. మంచి జాతి గుర్రాల్నీ పశువుల్నీ ఎంచి పెంచినట్టే మనుషుల్లోనూ 'మేలురకం' పెంచాలి, 'నాసిరకానికి' పిల్లలు పుట్టకుండా చూడాలి. పేదరికం, తాగుడు, బుద్ధిమాంద్యం, మూర్ఛ, అన్నీ రక్తంలోనే వున్నాయనేవారు. 1907లో ఇండియానా రాష్ట్రం, పిల్లలు పుట్టకుండా బలవంతపు ఆపరేషన్లు చెయ్యొచ్చని ప్రపంచంలో మొట్టమొదటి చట్టం చేసింది. 1927లో క్యారీ బక్ అనే అమ్మాయి కేసులో అమెరికా సుప్రీం కోర్టు కూడా 'చెయ్యొచ్చు' అంది. ఆ అమ్మాయికి మతి తక్కువన్నారు. నిజానికి ఆమె మతి బాగానే వుంది. మానభంగానికి గురై గర్భవతి అయితే, పెంచుకుంటున్న ఇంటివాళ్ళు పరువు కోసం ఆశ్రమంలో పడేశారు. ఆ దేశంలో మొత్తమ్మీద 60 వేలమందికి పైగా ఇలా కోత కోశారు.

అమెరికాలో రాసిపెట్టిన నమూనా చట్టం జర్మనీలో హిట్లర్ మనుషులకి పనికొచ్చింది. 1933 జులైలో వాళ్ళు తెచ్చిన చట్టం కింద సుమారు 4 లక్షలమందికి ఆపరేషన్లు జరిగాయి. ఆ నమూనా రాసిన హ్యారీ లాఫ్లిన్‌కి 1936లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

పియానో ఆగిపోయింది...

ఇప్పుడు అసలు సినిమా. 'ఇష్ క్లాగె ఆన్', అంటే 'నేను నేరం మోపుతున్నాను'. 1941 ఆగస్టు 29న బెర్లిన్‌లో విడుదల. దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ లీబెనైనర్. నాయిక హైడెమేరీ హతేయర్. రాక్షసులు తీసిన సినిమా కదా, మొరటుగా వుంటుందనుకుంటారు. కాదు, చాలా నాజూకుగా తీశారు. అదే వచ్చిన చిక్కు!

హానా అనే అందమైన అమ్మాయి. భర్త థామస్ పేరున్న డాక్టరు. అతనికి పెద్ద ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చిన సంబరంలో విందు. హానా పియానో వాయిస్తోంది. ఉన్నట్టుండి చెయ్యి మాట వినదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. భర్త లేబరేటరీలో రాత్రింబవళ్ళు మందు కోసం వెతుకుతాడు, దొరకదు. పూర్తిగా మంచం పట్టకముందే తనని పంపెయ్యమని హానా అడుగుతుంది. కుటుంబ స్నేహితుడైన డాక్టర్ లాంగ్ ఒప్పుకోడు. భర్త ఒప్పుకుంటాడు. మందు కలిపి ఇస్తాడు. తర్వాత కోర్టు సీను. బోనులో నిలబడిన భర్త, చట్టం మీదే తను నేరం మోపుతున్నానంటాడు. అంతే, తీర్పు చెప్పకుండానే సినిమా అయిపోతుంది. తీర్పు హాల్లో కూర్చున్న మీదన్నమాట! కోటిన్నర మంది చూశారు. కర్చీఫులు తడిసే వుంటాయి.

ఇందులో ఒక ఉపకథ వుంది. దాన్ని గమనించిన వాళ్ళు తక్కువ. డాక్టర్ లాంగ్ ఒకప్పుడు మెదడువాపు నుంచి కాపాడిన పసిబిడ్డ, చూపూ వినికిడీ బుద్ధీ లేకుండా మిగిలిపోయింది. ఎందుకు బతికించారని తల్లిదండ్రులు నిలదీస్తారు. లాంగ్ ఆ బిడ్డని చూడ్డానికి ఆశ్రమానికి వెళతాడు. చూసి మనసు మార్చుకుని బైటికొస్తాడు. మనకి మాత్రం ఆ బిడ్డని చూపించరు. హానా మొహం క్లోజప్పుల్లో ఎన్నోసార్లు చూపించిన కెమెరా, ఆ గదిలోకి ఒక్కసారి కూడా వెళ్ళదు.

హానా నోరు తెరిచి అడిగింది. ఆ బిడ్డ అడగలేదు. కథ హానాది, కన్నీళ్ళు హానాకి. చాటుగా సంతకం మాత్రం ఆ బిడ్డ మీద!

ఎందుకంటే అప్పటికే బైట జరుగుతున్నది అదే. బెర్లిన్‌లో టీర్‌గార్టెన్ వీధి 4వ నెంబరు ఇంట్లో ఆఫీసు. అందుకే ఆ పథకాన్ని 'టీ-4' అన్నారు. మానసిక రోగులూ, వికలాంగులూ వుండే ఆస్పత్రులకి ఒక ఫారం వెళ్ళేది. నింపి పంపితే ముగ్గురు డాక్టర్లు చూసేవారు. రోగిని కాదు, కాగితాన్ని! చావాలంటే ఎర్ర పెన్సిల్‌తో ప్లస్ గుర్తు, బతకాలంటే నీలం పెన్సిల్‌తో మైనస్ గుర్తు. ఎర్ర గుర్తు పడినవాళ్ళని బస్సుల్లో తీసుకుపోయి, స్నానాల గది అని చెప్పి, విషవాయువు వదిలేవారు. హాడమార్, హార్ట్‌హైమ్ లాంటి ఆరు చోట్ల. ఇంటివాళ్ళకి దొంగ ఉత్తరం వెళ్ళేది. ఎప్పుడో అపెండిక్స్ తీయించుకున్న మనిషి, అపెండిసైటిస్‌తో పోయాడని రాసేవారు! 1941 ఆగస్టు నాటికి వాళ్ళ లెక్కల్లోనే 70,273 మంది.

ఆగస్టు 3న మున్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ చర్చిలో నిలబడి ఇది హత్య అని బాహాటంగా అన్నాడు. జనంలో గుసగుసలు పెరిగాయి. 24న హిట్లర్ ఆపమన్నాడు. ఐదు రోజుల తర్వాత ఈ సినిమా వచ్చింది. ఆపమన్నది గ్యాసుని మాత్రమే. ఇంజక్షన్లతో, తిండి మాడ్చి చంపడం యుద్ధం అయ్యేదాకా సాగింది. మొత్తం రెండు నుంచి మూడు లక్షలమంది పోయారని చరిత్రకారుల అంచనా. పథకం నడిపిన వాళ్ళలో కార్ల్ బ్రాంట్, విక్టర్ బ్రాక్‌లని 1948 జూన్ 2న ఉరితీశారు.

మరి దర్శకుడు? ఆయనకేం, దివ్యంగా వున్నాడు. యుద్ధం తర్వాత కూడా వరసపెట్టి సినిమాలు తీశాడు. 1956లో తీసిన 'ది ట్రాప్ ఫ్యామిలీ' జర్మనీలో సూపర్‌హిట్. ఏడుగురు పిల్లలున్న కెప్టెన్ ఇంటికి పాటలు నేర్పే అమ్మాయి వస్తుంది... గుర్తొచ్చిందా? మనం మళ్ళీ మళ్ళీ చూసిన 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్'కి అన్నగారన్నమాట! 'ఇష్ క్లాగె ఆన్'ని మాత్రం జర్మనీలో మామూలు సినిమాలా వెయ్యనివ్వరు. ముందు వివరణ, తర్వాత చర్చ వుంటేనే ప్రదర్శన.

మంచం మీంచి మాట

అయితే చావు అడిగే ప్రతి సినిమా నాజీ సినిమాయేనా? అలా అంటే అన్యాయం. 2010లో సంజయ్ లీలా భన్సాలీ 'గుజారిష్' తీశాడు. మెడ కింద కదలిక లేని మెజీషియన్‌గా హృతిక్ రోషన్ కోర్టుని చావు అడుగుతాడు. అడిగేది అతను, అతని నోటితో. అదొక పెద్ద తేడా. ఐనా ఇలాంటి సినిమాలన్నిట్లో చక్రాల కుర్చీ ఎక్కితే దారి చావుకేనా అని విసుగొస్తుంది. ఆస్కార్ కొట్టిన 'మిలియన్ డాలర్ బేబీ' (2004) మీదా, 'మీ బిఫోర్ యూ' (2016) మీదా వికలాంగులే నిరసన తెలిపింది ఇందుకే.

మన తెలుగులో 'ఊపిరి' (2016) వచ్చింది. అందులో నాగార్జునదీ ఇంచుమించు అదే స్థితి. కానీ కథ బతుకు వైపు నడిచింది. దానికి మూలమైన ఫ్రెంచి చిత్రం వెనక అసలు మనిషి ఫిలిప్ పోజో ది బోర్గో. 1993లో పారాగ్లైడింగ్‌లో పడి మెడ విరిగింది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పుస్తకం రాశాడు. ఫ్రాన్సులో కారుణ్య మరణం చట్టం వద్దని బహిరంగంగా ప్రచారం చేశాడు. ప్రమాదం జరిగిన 30 ఏళ్ళకి, 2023లో పోయాడు.

నోరు లేని వాళ్ళ తరఫున ఎవరు మాట్లాడాలి? ఈ ప్రశ్న మన సుప్రీం కోర్టు ముందుకూ వచ్చింది. 1973లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో దాడికి గురై స్పృహ కోల్పోయిన నర్సు అరుణా శాన్‌బాగ్‌కి ఆహారం ఆపడానికి అనుమతించమని ఒక రచయిత్రి అడిగింది. అన్నేళ్ళుగా ఆమెకి స్నానం చేయించి, నోట్లో ముద్ద పెట్టిన నర్సులు వద్దన్నారు. 2011లో కోర్టు ఆ ఆస్పత్రివాళ్ళ మాటకే విలువిచ్చింది. వాళ్ళే ఆమెకి దగ్గరివాళ్ళంది. ఆమె 2015 దాకా బతికింది. 2018లో కోర్టు మరో మెట్టెక్కి, ఇంక లాభం లేనప్పుడు వెంటిలేటర్ లాంటివి పెట్టొద్దని మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చంది. మందిచ్చి చంపడానికి మాత్రం అనుమతి లేదు.

అంతకు చాలా ముందే మన హైదరాబాదులో ఒక కుర్రాడు అడిగాడు. వెంకటేశ్. చదరంగం ఆటగాడు. డ్యూషెన్ అనే కండరాల జబ్బు. వయసు పాతికేళ్ళు. అతను చావు అడిగింది బాధ ఓర్వలేక కాదు. ఇన్ఫెక్షన్ సోకి అవయవాలు పాడైపోకముందే తీసి వేరేవాళ్ళకి పెట్టమన్నాడు. తల్లి కోర్టుకెక్కింది. బ్రెయిన్ డెడ్ కాని మనిషి నుంచి అలా తియ్యడానికి చట్టం లేదని హైకోర్టు కాదంది. చట్టం ప్రకారం కోర్టు మరోలా చెప్పలేదు కూడా. ఒకసారి ఆ తలుపు తెరిస్తే ఎర్ర పెన్సిళ్ళు పట్టుకుని ఎవరొస్తారో, జర్మనీ కథ చదివాక ఊహించుకోవచ్చు. ఐనా ఆ కుర్రాడు అడిగిన తీరు చూస్తే మనసు ఒప్పుకోదు.

రేవతి దర్శకత్వంలో కాజోల్ తల్లిగా నటించిన 'సలామ్ వెంకీ' (2022) ఆ కుర్రాడి కథే. విశాల్ జేఠ్వా ఆ పాత్ర వేశాడు. అతని పడక చుట్టూనే తిరిగే సినిమా, మాట అతనిదే.

హైకోర్టు కాదన్న మర్నాడే, 2004 డిసెంబరు 17న, వెంకటేశ్ పోయాడు. కళ్ళు మాత్రం తీసుకున్నారు.