రేడియోవారి పొట్టి మాటలు

మన దేశమున 2013 వరకు తంతివార్తలు నడచినవి. మాటకింత యని రుసుము గావున, "వెంటనే బయలుదేరుము" వంటి రెండు మాటలతో కబురు ముగించెడివారము. లాభాపేక్ష లేక, వేడుకకును విద్యకును రేడియో యంత్రములను నడుపు ఔత్సాహికులలో ఈ పొదుపు మరింత హెచ్చు.

మోర్సు పద్ధతిలో ప్రతి యక్షరమును చుక్కలుగను గీతలుగను మీటవలయును. దీర్ఘవాక్యములకు కాలము చాలదు. పైగా వినువానికి పంపువాని భాష రాకపోవచ్చును. ఈ రెండు చిక్కులను దీర్చునవే 'క్యూ' సంకేతములు. బ్రిటిషువారు ఓడలకొరకు కూర్చిన యీ పట్టికను 1912లో లండను సమావేశమున నానాదేశములవారు అంగీకరించిరి. పిమ్మట ఔత్సాహికులును గ్రహించిరి.

ప్రతి సంకేతమును క్యూతో మొదలగు మూడక్షరములే. క్యూ.టి.హెచ్. అనగా "నేనున్న చోటు ఇది". దానికి ప్రశ్నార్థకము చేర్చినచో "నీవెక్కడ నున్నావు?" అని యర్థము. క్యూ.ఆర్.ఎస్. అనగా "మెల్లగా పంపుము", క్యూ.ఆర్.ఎం. అనగా "ఇతరుల ప్రసారము అడ్డుచున్నది", క్యూ.ఎస్.ఎల్. అనగా "వార్త అందినది". జపానువాడైనను తెలుగువాడైనను ఒక్క యర్థమునే గ్రహించును. సెలవు పుచ్చుకొనునప్పుడు 73 అందురు, అది శుభాకాంక్ష.

ఇది వట్టి వినోదము కాదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి అండమాను ద్వీపములందు టెలిఫోనులు మూగవోయినపుడు, అచ్చటనున్న భారతీయ ఔత్సాహికులు క్షేమవార్తలను ఒడ్డునకు చేర్చిరి. అట్టి వేళ ఒకడు మాట తగ్గించినచో మరియొక కుటుంబమునకు వార్త యందును.

మీ యింటి పిల్లల కీ విద్యయం దభిరుచి గలదేని, ప్రభుత్వ పరీక్షలో నెగ్గి అనుమతి పొందిన పిమ్మటనే యంత్రము ముట్టవలయునని చెప్పుడు.