కొనేవాళ్లు ఏమని వెతుకుతారు?

పూతరేకులు అమ్మే చిన్న వ్యాపారి ఒకాయన వెబ్‌సైటు పెట్టించుకుంటున్నాడనుకుందాం. ‘‘కీవర్డ్స్ పంపండి సార్’’ అంటాడు డిజైనర్. కొనేవాళ్లు గూగుల్‌లో ఏ మాటలతో వెతుకుతారో అవే కీవర్డ్స్. తోచిన నాలుగు మాటలు వాట్సాప్‌లో పెట్టేసి, పని అయిపోయిందనుకుంటాడాయన. చిక్కంతా ఆ మెసేజ్‌తోనే మొదలవుతుంది.

అపోహ: మనం ఏ పేరుతో అమ్ముతామో, జనం ఆ పేరుతోనే వెతుకుతారు.

వాస్తవం: పూతరేకులకు పేరున్న ఆత్రేయపురం చుట్టుపక్కల వాళ్లకు ‘పూతరేకులు’ అంటే చాలు. బెంగళూరు ఆఫీసులో తెలుగు స్నేహితుడు పెడితే రుచి చూసిన ఉత్తరాది మనిషికి ఆ పేరు నోరు తిరగదు. ‘పేపర్ స్వీట్’ అని కొడతాడు. తెలుగువాళ్లలోనూ చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు. ఒకరు ‘పి’ తర్వాత రెండు ‘ఓ’లు వేస్తే, ఇంకొకరు ఒక్క ‘యు’తో సరిపెడతారు. డాలస్‌లో ఉన్నవాళ్లకు పేరుతో పేచీ లేదు, ‘అమెరికాకు పంపుతారా’ అన్నదే వాళ్ల ప్రశ్న. పెళ్లికి పంచాలనుకునే వాళ్లకు ఎన్నాళ్లు నిల్వ ఉంటాయో కావాలి. పంచదార ఇష్టం లేనివాళ్లు ‘బెల్లం పూతరేకులు’ అంటారు. ఇవన్నీ తెలుసుకోవడానికి నిపుణులెవరూ అక్కర్లేదు. కొట్టు ఫోన్‌కు వచ్చే కాల్స్, మెసేజ్‌లు వారం రోజులు కాగితం మీద రాసుకుంటే సగం జాబితా తయారైనట్టే.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ ట్యాగ్ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. దాన్ని సైటులో గర్వంగా రాసుకోవాల్సిందే. కానీ తినాలనిపించినవాళ్లు ‘జీఐ ట్యాగ్’ అని వెతకరు. ఆ మాట కొట్టేది బహుశా పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్లు! ‘పూతరేకులు ఎలా చేస్తారు’ అని అడిగేవాళ్లకు కావలసింది వంట విధానం, పార్సిల్ కాదు. మాట ఒకటే అయినా దాని వెనకున్న అవసరం వేరు. కీవర్డ్ ఎంచుకోవడమంటే ఆ అవసరాన్ని పట్టుకోవడమే.

అపోహ: ఎక్కువమంది వెతికేదే మంచి కీవర్డ్.

వాస్తవం: ‘స్వీట్స్’ అని వెతికేవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లలో ఎవరికి ఏం కావాలో దేవుడికెరుక. పైగా ఆ మాట దగ్గర పెద్ద కంపెనీలన్నీ కాచుకుని ఉంటాయి. ‘నేతి పూతరేకులు హైదరాబాద్ డెలివరీ’ అని కొట్టేవాళ్లు కొద్దిమందే కావచ్చు, కానీ వాళ్లు డబ్బు చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లు. రోజూ తనకు వచ్చే వెతుకులాటల్లో సుమారు 15 శాతం అంతకుముందెన్నడూ చూడనివేనని గూగుల్ చెబుతోంది. అలాంటివి ఏ రెడీమేడ్ జాబితాలోనూ దొరకవు.

అంకెలను కూడా సరిగ్గా చదవాలి. గూగుల్ కీవర్డ్ ప్లానర్ ప్రకటనలు ఇచ్చేవాళ్ల కోసం చేసిన సాధనం. అందులో ‘కాంపిటీషన్’ అన్నది ప్రకటనల పోటీ, మామూలు ఫలితాల్లో పోటీ కాదు. అక్కడ ‘హై’ అని చూసి బెదిరిపోయి మంచి మాటను వదిలేసేవాళ్లున్నారు. గూగుల్ ట్రెండ్స్‌లో 100 అంటే వందమంది వెతికారని కాదు, మనం ఎంచుకున్న కాలంలో ఆసక్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న సమయమని.

అపోహ: ఎన్నిసార్లు రాస్తే అంత పైకి వస్తాం.

వాస్తవం: ఒకే మాటను పేజీ నిండా కుక్కడాన్ని గూగుల్ స్పామ్‌గా లెక్కేస్తుంది. ఇక పేజీ కోడ్‌లో దాచే ‘మెటా కీవర్డ్స్’ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని 2009లోనే తేల్చి చెప్పింది. ఇంకా వాటికి డబ్బు తీసుకునేవాళ్లున్నారంటే ఏమనాలి! స్పెల్లింగ్ తేడాలను గూగుల్ చాలావరకు తానే సర్దుకుంటుంది, ఒక్కోదానికి ఒక్కో పేజీ అక్కర్లేదు.

అపోహ: నా ఫోన్‌లో కొడితే మాదే మొదట వస్తోంది, ఇంకేం కావాలి?

వాస్తవం: ఫలితాలు మీరున్న ఊరిని బట్టి, భాషను బట్టి, మీ పాత వెతుకులాటలను బట్టి కూడా మారతాయి. మీ కొట్లో కూర్చుని మీ కొట్టునే వెతికితే అది కనిపించడంలో వింతేముంది? జనం నిజంగా ఏం కొట్టి మీ సైటు దాకా వచ్చారో గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉచితంగా చూపిస్తుంది. మీ సైటు ఎన్నిసార్లు కనిపించిందో, ఎన్నిసార్లు నొక్కారో కూడా అందులో ఉంటుంది. నెలకోసారి తెరిచి చూడండి. ‘అమెరికాకు పంపుతారా’ లాంటి ప్రశ్న అందులో పదేపదే కనిపిస్తూ, మీ సైటులో పార్సిల్ చార్జీల ఊసే లేకపోతే, ముందు ఆ పేజీ రాయించండి.