డ్రిప్పులో జబ్బు ఎక్కడుందో గేజీ చెబుతుందా?

ఈ వీడియో ఫిల్మ్‌నగర్‌లోని ఒక మిద్దెతోటలో తీశాం. అక్కడైనా, మీ పొలంలోనైనా అందరూ అడిగేది ఒకటే: "ఏ సెన్సర్ కొనాలి?" దానికన్నా ముందు ఇంకోటి అడగాలండి: నా డ్రిప్పులో ఏమేం చెడిపోవచ్చు, ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

మట్టి తేమ సెన్సర్ నేల ఎండిందని చెబుతుంది. ఎందుకు ఎండిందో చెప్పదు. ఏప్రిల్ ఎండల్లో కారణం వెతుకుతూ కూర్చుంటే కుండీలో మొక్క ఆగదు.

జీవామృతం వాడే మనకు ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. ఎంత వడగట్టినా పేడ పిప్పి, పిండి నలత ఫిల్టరుకు పడుతుంది. ఫిల్టరు తర్వాత ఒక్క ప్రెషర్ గేజీయే ఉందనుకోండి. ముల్లు పడిపోయింది. ఫిల్టరు పూడిందా, పైపు పగిలిందా, సంపులో నీళ్లు తగ్గాయా? మూడింటికీ ముల్లు ఒకేలా పడుతుంది.

అందుకే ఫిల్టరుకు ముందొక గేజీ, తర్వాతొక గేజీ, దాని పక్కనే వాటర్ మీటరు పెట్టండి. అప్పుడు:

• ముందు గేజీ పెరిగి, తర్వాతది తగ్గి, మీటరు నెమ్మదిస్తే ఫిల్టరు పూడింది.
• రెండు గేజీలూ తగ్గి, మీటరు జోరుగా తిరిగితే మీటరు దాటాక ఎక్కడో లీకు.
• రెండూ పెరిగి, మీటరు నెమ్మదిస్తే డ్రిప్పర్లు పూడాయి.
• మూడూ తగ్గితే సంపు, మోటరు, ఫిల్టరుకు ముందున్న పైపు చూడండి.

గేజీల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కిలోలు దాటితే ఫిల్టరు కడగాల్సిందే.

ఫిల్మ్‌నగర్ వాళ్లకు చెప్పక్కర్లేదు, రెండో కెమెరాను మొదటిదాని పక్కనే పెట్టి అదే షాట్ తీయరు. మొదటిదానికి కనిపించనిది చూపించే చోట పెడతారు. గేజీ కూడా అంతే.

జూబ్లీహిల్స్ అంటేనే గుట్టలు. నీళ్లు 10 మీటర్లు పైకెక్కితే సుమారు 1 కిలో ప్రెషర్ పోతుంది. కాబట్టి మోటరు కింద, తోట మిద్దె మీద ఉంటే ఫిల్టరు, గేజీలు మిద్దె మీదే ఉండాలి. పక్కింటి రీడింగు మీకు పనికిరాదు. ఫిల్టరు కడిగి, అంతా బాగున్న రోజు మీ రీడింగులు గోడ మీద పెయింటుతో రాసి పెట్టుకోండి.

గేజీ కూడా చెడిపోతుందండోయ్. మోటరు ఆపి, ప్రెషర్ వదిలేశాక ముల్లు సున్నాకు రాకపోతే మార్చేయండి.