వజ్రానికి వెలుగిచ్చిన చక్రం

తొలకరి పడగానే కర్నూలు ప్రాంతంలోని జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం నడుం వంచి వజ్రాలు వెతుకుతారు. కొత్తగా వచ్చినవాళ్లు తళుక్కుమనే రాయి కోసం చూస్తారు. అనుభవం ఉన్నవాళ్లు అలా చూడరు. నేలలోంచి వచ్చే వజ్రం మసక పటిక ముక్కలా, పైన నూనె రాసినట్టు జిడ్డుగా ఉంటుంది. పక్కనే పడున్న గాజుపెంకు దానికంటే బాగా మెరుస్తుంది. వెలుగును పట్టి ఆపగల గుణం వజ్రానికి పుట్టుకతోనే ఉంది. దాన్ని బయటికి తెచ్చింది మాత్రం తిరిగే ఒక ఇనుప చక్రం, దాని మీద పూసిన నూనె, ఆ నూనెలో కలిపిన వజ్రపు పొడి.

ఈ సానచక్రాన్ని 15వ శతాబ్దంలో బ్రూజ్ పట్టణానికి చెందిన లోడెవైక్ వాన్ బెర్కెన్ కనిపెట్టాడని యూరప్‌లో చెప్పుకుంటారు. దానికి గట్టి ఆధారాలు లేవు. మన దక్కనులో కూడా ఈ పని జరిగేదని 17వ శతాబ్దంలో ఇక్కడి గనులు తిరిగి చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. గని దగ్గరే కూర్చున్న పనివాళ్ల ముందు భోజనం పళ్లెమంత ఉక్కు చక్రం, దాని మీద ఒకేఒక్క రాయి. రాయి ఏ వాలులో అరుగుతుందో తేలేదాకా నీళ్లు పోసేవారు. వాలు దొరికాక నూనె పోసి, వజ్రపు పొడి ధారాళంగా వాడేవారు.

ఆయన గమనించిన మరో సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. రాయి స్వచ్ఛంగా ఉంటే మనవాళ్లు పైనా కిందా కాస్త సానపట్టి వదిలేసేవారట. మచ్చో పగులో ఉంటేనే దాన్ని కప్పిపుచ్చడానికి చిన్నచిన్న పలకలు తీర్చేవారట. ఎందుకంటే రాయి విలువ దాని బరువులో ఉంది. సాన మీద పెట్టిన ప్రతి క్షణం బరువు పోతుంది. అది అజ్ఞానం కాదు, ఆనాటి విలువల లెక్క. తరువాతి మూడు వందల ఏళ్లలో ఆ లెక్క తారుమారైంది.

ఆ మార్పు అందరి కళ్లముందూ జరిగింది కోహినూరు విషయంలో. మన కొల్లూరు గనిలో దొరికిందని చాలామంది నమ్మే ఆ రాయిని 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెట్టారు. చూడడానికి ఎగబడిన జనం పెదవి విరిచారు. ప్రాచ్య పద్ధతిలో తీర్చిన రాయి వాళ్లు ఆశించినట్టు మెరవలేదు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనివాళ్లను రప్పించి, ఆవిరి యంత్రంతో నడిచే చక్రం బిగించారు. రాయిని మొదట చక్రానికి ఆనించే గౌరవం వెల్లింగ్టన్ డ్యూక్‌కి దక్కింది. 38 రోజుల పని, 8,000 పౌండ్ల ఖర్చు. నేటి కొలతలో 191 కేరట్ల రాయి 105.6 కేరట్లకు దిగింది. దాదాపు 45 శాతం పొడై చక్రం పాలైంది. అంత బరువు పోయినందుకు అప్పుడే విమర్శలు వచ్చాయి. ఆ పాత రూపాన్ని అలాగే ఉంచాల్సిందని నేనూ అనుకుంటాను. ఎందుకంటే ఎంత నైపుణ్యమున్నా అరిగిపోయినదాన్ని తిరిగి అతికించలేరు.

ఇంతకీ వజ్రాన్ని వజ్రం ఎలా అరగదీస్తుంది? స్ఫటికంలో కర్బన పరమాణువుల అమరిక అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. అందుకే వజ్రం కొన్ని దిశల్లో అరుగుతుంది, కొన్ని దిశల్లో మొండికేస్తుంది. చక్రం మీది పొడి రేణువులు ఎటుపడితే అటు తిరిగి ఉంటాయి కాబట్టి, వాటిలో కొన్ని తమ గట్టి దిశతోనే రాయిని తాకుతాయి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు పాస్టెవ్కా, మోసెలర్ బృందం 2010 చివర్లో ఇంకా లోతైన సంగతి బయటపెట్టింది. రాపిడికి రాయి ఉపరితలంలోని పరమాణువులు తమ వరుస తప్పి, పలచని మెత్తటి కర్బన పొరగా మారతాయి. ఆ పొరే గీసుకుపోతుంది. కొంత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వాయువై పోతుంది. అంటే అరిగేటప్పుడు వజ్రం ముందు వజ్రంగా ఉండడం మానేస్తుంది! సానపట్టేవాడి చేతులకు తరతరాలుగా తెలిసిన వాలుకు కారణం అప్పుడు దొరికింది.

ఆ చేతులను దగ్గరగా చూడాలి. అడుగు వెడల్పున్న పోత ఇనుప చక్రం నిమిషానికి సుమారు మూడు వేల చుట్లు తిరుగుతుంటుంది. రాయిని చిన్న గిన్నెలాంటి పట్టులో బిగించి, ఒక చేతికొయ్య చివర అమర్చి, చక్రం మీదికి దించుతారు. కొద్ది సెకన్లే. వెంటనే ఎత్తి, నూనె తుడిచి, పదింతలు చూపే భూతద్దంలో పరీక్షిస్తారు. కోణం వెంట్రుకవాసి తప్పినా పక్క పలకతో అంచు కలవదు. ఎక్కువసేపు ఆనిస్తే వేడికి పలక మీద మసక కాలుడు మచ్చ పడుతుంది. మళ్లీ దించడం, మళ్లీ ఎత్తడం. గుండ్రటి వజ్రానికి ఇలా 57 పలకలు: నెత్తిన పెద్దది ఒకటి, దాని చుట్టూ 32, నడుము కింద 24.

ఈ పలకలకు సరైన కోణాలను లెక్కగట్టింది ఆంట్‌వెర్ప్‌లోని వజ్రాల పనివారి కుటుంబంలో పుట్టిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ. 1919లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘డైమండ్ డిజైన్’. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్ల దరిదాపుల్లో ఉంది. వజ్రంలోకి వెళ్లిన కాంతి లోపలి గోడను లంబానికి 24.4 డిగ్రీలకు మించిన వాలులో తాకితే బయటికి పోలేదు, వెనక్కి తిరగాల్సిందే. గాజుకు ఆ హద్దు 42 డిగ్రీల దగ్గరుంటుంది. అందుకే ఎంత బాగా తీర్చినా గాజు వెలుగును కారబోస్తుంది. కింది పలకలను 40.75 డిగ్రీల్లో, పై పలకలను 34.5 డిగ్రీల్లో తీర్చితే నెత్తి మీంచి వెళ్లిన కాంతి రెండుసార్లు మలుపు తిరిగి, రంగులుగా విడిపోయి, నెత్తి మీంచే కంటికి వస్తుందని ఆయన తేల్చాడు. రాయి లోతు తగ్గినా, పెరిగినా వెలుగు అడుగునుంచో పక్కనుంచో జారిపోతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదట మనుషులు, తరువాత గుర్రాలు, ఆపై ఆవిరి తిప్పిన ఆ చక్రాన్ని ఇప్పుడు కరెంటు తిప్పుతోంది. రాయిని చీల్చే పని లేజర్‌ది, ఏ రాయిలోంచి ఏ ఆకారం తీయాలో చెప్పే పని కంప్యూటర్‌ది. సూరత్‌లో మాత్రం చక్రం చుట్టూ నలుగురేసి కూర్చుని ఇప్పటికీ నూనె, పొడి, వజ్రంతోనే పని చేస్తారు. సంఖ్యలో చూస్తే ప్రపంచపు వజ్రాల్లో దాదాపు 90 శాతానికి అక్కడే సానపడుతుంది.

ఇన్ని జరిగినా మన నగల దుకాణాల్లో తొలి ప్రశ్న ఇంకా ‘ఎన్ని సెంట్లు?’ అనే. కోత సరిగా లేకుండా బరువు మిగిల్చిన రాయి తక్కెడలో బరువు చూపిస్తుంది, వేలికి మాత్రం మెరుపునివ్వదు. అమెరికాలోని జీఐఏ సంస్థ 2006 నుంచి తన సర్టిఫికెట్లలో గుండ్రటి వజ్రాల కోతకు విడిగా గ్రేడు ఇస్తోంది. ఈసారి వజ్రం కొనేటప్పుడు బరువు కంటే ముందు సర్టిఫికెట్లో ఆ ఒక్క వరుస చదవండి.