సంచి తీయించుకోమంటున్నారు... తీయించుకోవాలా?

మొన్న ఫిబ్రవరిలో తిరుపతి నుంచి కాళహస్తి బస్సులో ఇంటికి వస్తున్నాను. రేణిగుంటలో సగం బస్సు ఖాళీ అయింది. "కూర్చోండమ్మా, సీట్లుండాయి గదా" అని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. నేను కూర్చోలేదు. ఏర్పేడు దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాను. ముదురు రంగు చీరే కట్టుకున్నాను. నాప్కిన్లు ఒకదాని మీద ఒకటి రెండు పెట్టుకునే బయల్దేరాను. అయినా లేచాక సీటు మీద ఏం కనిపిస్తుందోనన్న భయం. ఇల్లు చేరేసరికి కళ్ళు తిరిగి గడపలోనే కూలబడ్డాను.

ఇది చదివే వాళ్ళలో ఇలా నిలబడి ప్రయాణం చేసినవాళ్ళు తక్కువేం ఉండరు. పెళ్ళిళ్ళలో చాప మీద కూర్చోకుండా ఏదో పని కల్పించుకుని తిరిగేవాళ్ళు, రాత్రిళ్ళు పరుపు మీద రబ్బరు షీటు పరుచుకునేవాళ్ళు, నెలలో పదిరోజులు క్యాలెండరులోంచి కొట్టేసుకునేవాళ్ళు. మన వైపు దీన్ని ఎర్రబట్ట అంటారు. నేను పదిహేనేళ్ళుగా కథలు రాస్తున్నాను. నా కథల్లో ఆడవాళ్ళు ఏడుస్తారు, ఎదురు తిరుగుతారు, ఊళ్ళు వదిలి పోతారు. ఒక్కరికీ నెలసరి రాదు! నాకే ఇంతదాకా వచ్చాక గానీ ఆ సంగతి తట్టలేదు.

రెండేళ్ళుగా ఇదే వరస. తొమ్మిది రోజులు, పది రోజులు. గడ్డలు గడ్డలుగా పోవడం. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నాకింకా నలభై నిండలేదు. ఎవరికి చెప్పినా వచ్చిన జవాబు ఒక్కటే.

"ఇద్దరు బిడ్డలు పుట్నారు, పిల్లల ఆపరేషనూ అయిపాయ. ఇంక ఆ సంచితో ఏం పని మే నీకు? తీపిచ్చేస్తే పీడ పోతాది" అంది మా అత్త. ఆమెకు నా మీద ప్రేమే. నా గుడ్డలు ఉతకడానికి పనిమనిషి రానన్న రోజు తానే ఉతికింది. మా ఆయన "డాక్టరు ఎట్లా చెపితే అట్లా" అన్నారు. డాక్టరు, అంటే పట్నంలో ఒక నర్సింగ్ హోం డాక్టరు, స్కానింగు కాగితం చూసి పది నిమిషాల్లో తేల్చేశారు. చిన్న గడ్డ ఉంది, తీసేద్దాం, గురువారం పరగడుపున రండి అని. రక్తం ఏడు గ్రాములుందని రిపోర్టులో ఉంది. దాని గురించి మాత్రం ఒక్క మాటా లేదు.

గురువారం నేను వెళ్ళలేదు. కారణం మా పెద్దమ్మ కూతురు. ఆ అక్కకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఇట్లాగే ఎర్రబట్టకు సంచి తీశారు. అండాశయాలు కూడా తీశారన్న సంగతి ఆమెకు పదేళ్ళ తర్వాత, వేరే దేనికో స్కానింగు తీసినప్పుడు తెలిసింది. అప్పటిదాకా ఒళ్ళు సెగలెత్తడం, నిద్రపట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఇదంతా తన మనసులో జబ్బే అనుకుంది పాపం. ఇప్పుడామెకు నలభై నాలుగు. పోయిన సంక్రాంతికి వాకిట్లో ముగ్గేస్తూ కాలుజారి చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు విరిగింది.

"నాకెవరూ చెప్పలేదు మే, నేనూ అడగలేదు" అంది ఆసుపత్రి మంచం మీద. నన్ను ఆపింది ఈ మాటే.

మా అక్కకు జరిగినది ఒక ఇంటి కథ అనుకున్నాను. లెక్కలు చూస్తే రాష్ట్రం కథ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది! తెలంగాణలో ఎనిమిది మంది. దేశంలో మనమే ముందు. ఇందులో గర్వపడేదేమీ లేదు. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. కారణమేమని అడిగితే సగానికి పైగా స్త్రీలు చెప్పింది అధిక రక్తస్రావం, నొప్పి.

ఇట్లా ఎందుకైంది? ఒక కారణం మా అత్త మాటలోనే ఉంది. మన రాష్ట్రంలో పెళ్ళయిన స్త్రీలలో పదిమందికి ఏడుగురు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. అదీ చాలామందికి ఇరవై అయిదు నిండేలోపే. ఆ తర్వాత సంచి ఒక పనికిరాని వస్తువు, అటకమీద పాత ట్రంకుపెట్టె లాంటిది అన్న లెక్క పడిపోయింది. రెండో కారణం భయం. "తీయకపోతే క్యాన్సరవుతుంది" అన్నాక ఏ ఆడమనిషి నోరెత్తుతుంది? మామూలు గడ్డలు, అదే ఫైబ్రాయిడ్లు, క్యాన్సరుగా మారడం బహు అరుదు. తెల్లబట్ట అయినంత మాత్రాన క్యాన్సర్ కాదు. మూడోది డబ్బు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక కార్డు ఉన్న పేద స్త్రీలకు ఈ ఆపరేషన్లు విపరీతంగా జరిగాయని గొడవయింది. ఆ తర్వాత ప్రభుత్వం దీన్ని ప్రైవేటు ఆసుపత్రుల జాబితాలోంచి తీసి సర్కారు ఆసుపత్రులకు పరిమితం చేసింది. హైదరాబాదులో లైఫ్-హెచ్.ఆర్.జి. సంస్థ తరఫున డాక్టర్ ఎస్.వి.కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, చిన్న వయసులోనే సంచి పోగొట్టుకున్న స్త్రీల సంగతి రాసి బయటపెట్టింది కూడా ఆ రోజుల్లోనే, 2009లో.

చివరికి విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది. రాజస్థాన్‌కు చెందిన డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమల్లో పెట్టాలని కోర్టు ఆదేశించింది. కాగితం మీద ఇంత ఉంది. నర్సింగ్ హోం బల్ల ముందు కూర్చున్న మనకు అదేదీ కనిపించదు, మనమే అడగాలి.

తీయడానికీ భరించడానికీ మధ్య

నేను అడగడానికి తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి పోయాను. పొద్దున ఏడింటికి చీటీ, పదకొండున్నరకు పిలుపు. ఈ మధ్యలో బల్లమీద పక్కన కూర్చున్న ఆమె తెచ్చుకున్న ఉగ్గాని నాకూ పెట్టింది. లోపల డాక్టరమ్మ నా వయసే ఉంటుంది. ముందు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవీ: రోజుకు ఎన్ని నాప్కిన్లు, గంటకే తడిసిపోతోందా, గడ్డలు ఎంతెంతవి పడుతున్నాయి, రెండు నెలసరుల మధ్యలో కూడా కనిపిస్తోందా. నా దగ్గర లెక్క లేదు. మీరు పోయేటప్పుడు రెండు నెలలు క్యాలెండరు మీద రాసుకుని పోండి, సగం పని అవుతుంది.

మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం ముప్పై, నలభై మిల్లీలీటర్లట. అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. ఎనభై దాటితే ఎక్కువ కింద లెక్క. ఏడు రోజులకు మించి పోయినా, గంటకో నాప్కిన్ మార్చాల్సి వచ్చినా ఓర్చుకోవాల్సిన విషయం కాదు.

ఎర్రబట్ట అనేది రోగం పేరు కాదు, రోగం గుర్తు. దాని వెనక గడ్డ ఉండొచ్చు, లోపలి పొరలో చిన్న పిలక ఉండొచ్చు, సంచి గోడ ఉబ్బి ఉండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, అండం సరిగ్గా విడుదల కాకపోవచ్చు, రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉండొచ్చు. అందుకని స్కానింగుతో పాటు రక్తం, థైరాయిడ్ చూస్తారు. నలభై అయిదు దాటినవాళ్ళకు సంచి లోపలి పొర ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అది చూడకుండా సంచి తీయడానికి సిద్ధమైతే, ఎందుకని అడగండి. ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా మాత్రం వాయిదా వేయకూడదు, మర్నాడే పోవాలి.

ముందు రక్తం పట్టాలి అన్నారు డాక్టరమ్మ. ఏడు గ్రాముల మీద ఏ ఆపరేషనైనా ప్రమాదమే. మన రాష్ట్రంలో పదిమంది ఆడవాళ్ళలో దాదాపు ఆరుగురు రక్తం తక్కువ వాళ్ళే కాబట్టి మనకది జబ్బులా కూడా తోచదు. నాకు ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. మాత్రలు కాఫీతో మింగితే ఒంటికి పట్టవని నాకప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆశా కార్యకర్త ఇచ్చిన మాత్రలన్నీ నేను పొద్దుటి కాఫీతోనే వేసుకున్నాను! నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవాలట.

రక్తస్రావం తగ్గించే మాత్ర ఒకటుంది, ట్రానెక్సామిక్ యాసిడ్ అంటారు. బాగా పోయే మూడు నాలుగు రోజులే వేసుకునేది. 1962లో దీన్ని లోకానికి చెప్పిన వాళ్ళలో ఉటాకో ఒకమోటో అని ఒక జపాన్ డాక్టరమ్మ ఉంది. యుద్ధం అయిపోయిన తర్వాత, చంటిబిడ్డను వీపున కట్టుకుని ప్రయోగశాలకు పోయేదట. ఇది చదివిన రోజు నాకు ఎందుకో చాలా సంతోషం వేసింది. కాళ్ళలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు ఈ మాత్ర పనికిరాదు, అది డాక్టరుకు ముందే చెప్పాలి.

హార్మోను మాత్రలున్నాయి. లక్నోలో మనవాళ్ళే కనిపెట్టిన సహేలి మందు, సర్కారు ఆసుపత్రుల్లో ఛాయా పేరుతో గర్భం రాకుండా ఇచ్చేది, దాన్ని ఎర్రబట్టకూ వాడతారు. ఆ తర్వాతది కాపర్-టి లాగా సంచిలో పెట్టే చిన్న సాధనం. దీని పేరు చెప్పగానే "అమ్మో, నేను లూపు వేయించుకునే గదా ఎర్రబట్ట తెచ్చుకున్నాను" అంటారు. నేనూ అన్నాను. రాగి ఉన్న కాపర్-టి వల్ల రక్తస్రావం పెరిగే మాట నిజమే. ఇది వేరు. దీనిలోంచి హార్మోను రోజూ కొంచెం కొంచెం ఊరి లోపలి పొరను పలచబరుస్తుంది. రక్తం బాగా తగ్గిపోతుంది, కొందరికి నెలసరే ఆగిపోతుంది. ఒకసారి పెడితే అయిదేళ్ళు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మాత్రం చుక్కలు చుక్కలుగా కనిపిస్తూ విసిగిస్తుంది. చాలామంది ఆ విసుగులోనే తీయించేసుకుంటారు.

ఇక కోత లేకుండా, సంచి లోపలి పొరను మాత్రం వేడితో మాడ్చేసే పద్ధతి ఒకటుంది. మరుసటి రోజే ఇంట్లో తిరగొచ్చు. పెద్ద గడ్డలున్నవాళ్ళకు కుదరదు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు దీని జోలికి పోనే కూడదు. చేయించుకున్న కొందరికి కొన్నేళ్ళకు మళ్ళీ మొదలై, సంచి తీయక తప్పని స్థితి వస్తుంది. గడ్డను మాత్రం తీసి సంచిని ఉంచే ఆపరేషన్ కూడా ఉంది.

తీయాల్సినప్పుడు తీయాలి

ఇదంతా చదివి ఆపరేషన్ మహాపాపం అనుకోవద్దు. మా వీధిలో ఒక టీచరమ్మకు అయిదో నెల కడుపంత గడ్డ. మాత్రలు, ఇంజక్షన్లు అన్నీ అయ్యాయి. వేలూరు పోయి తీయించుకుంది. ఆరు వారాలు బిందె ఎత్తలేదు, సైకిలెక్కలేదు. ఇప్పుడు పిల్లల కంటే ముందు బడికి పోతుంది. "అయిదేళ్ళ ముందే తీయించుకోవాల్సింది" అంటుంది. ఆమెకది సరైన వైద్యం. క్యాన్సర్ ఉన్నవాళ్ళకు, ఏ మందుకూ లొంగని వాళ్ళకు అంతే. టీచరమ్మకూ మా అక్కకూ తేడా ఎక్కడంటే, టీచరమ్మ సంతకం పెట్టే ముందు అన్నీ అడిగింది. అండాశయాలు ఉంచుతారా? తీస్తే ఎందుకు? కాగితంలో రాస్తారా? ఏ దారిన తీస్తారు, పొట్ట కోసా, కింది నుంచా, కెమెరాతోనా? తీయకపోతే ఏమవుతుంది?

అండాశయాలు సంచిలో భాగం కావు. అవి ఉంచినా ముట్లుడిగే కాలం కాస్త ముందుకు జరగొచ్చు. చిన్న వయసులో వాటినీ తీసేస్తే ఒక్క రాత్రిలో శరీరం యాభై ఏళ్ళది అయిపోతుంది. ఎముకలూ గుండే ఆ బాకీ తీరుస్తూ పోతాయి. సంతకం పెట్టే కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి. డిగ్రీ చదివిన నేను కూడా ఆ రోజు ఆ కాగితం చదవకుండానే పెన్ను చేతిలోకి తీసుకున్నాను.

ఏప్రిల్లో నేను ఆ హార్మోను సాధనం పెట్టించుకున్నాను. మొదటి నాలుగు నెలలు నరకమే. పోయేది కొంచెమే, ఆగేది మాత్రం కాదు. పూజగదిలోకి ఎప్పుడు పోవాలో తెలియక మా అత్తకూ నాకూ రెండుసార్లు మాటా మాటా వచ్చింది. "చెప్తే ఇనలేదు, తీపిచ్చుకోనుంటే ఈ పాటికి నిమ్మళంగా ఉందువు" అని ఆమె, "ఇంకో నెల చూస్తా అత్తా" అని నేను. అయిదో నెలలో తగ్గింది. ఇప్పుడు మూడు రోజులు, సన్నగా. రక్తం పదిన్నర గ్రాములకు వచ్చింది.

గడ్డ అలాగే ఉంది, పెరగలేదు. ఆరునెలలకొకసారి స్కానింగుకు రమ్మన్నారు. పెరిగినా, మళ్ళీ రక్తస్రావం మొదలైనా ఆపరేషన్ గురించి అప్పుడు మాట్లాడదామన్నారు డాక్టరమ్మ. సరేనన్నాను. ఆ రోజు అడగాల్సిన ప్రశ్నలు మా అమ్మాయి నోటుపుస్తకం చివరి పేజీలో రాసి, స్కానింగు కాగితాలతో కలిపి బీరువాలో పెట్టాను. వచ్చే నెల మా అక్కను ఎముకల పరీక్షకు తీసుకుపోవాలి. ఆమె పాత ఆపరేషన్ కాగితం కోసం ఇల్లంతా వెతుకుతున్నాం, ఇంకా దొరకలేదు.