ఊట ఆయ్తా?

తెలుగువారికి నేలలోంచి ఉబికే నీరు. కన్నడిగులకు ఆకులో వడ్డించే భోజనం. బెంగళూరు వీధుల్లో ఎదురుపడే రెండక్షరాల మాటకు రెండు పుట్టుకలు!

మధ్యాహ్నం ఒంటిగంట. చిన్న హోటలు గుమ్మం ముందు నల్లపలక మీద సుద్దతో రాసిన మాట: ఊట. లిపి కన్నడమే అయినా తెలుగు చదివిన కన్ను తడుముకోదు. రెండు లిపులదీ ఒకే పుట్టిల్లు మరి. చదవడం వచ్చేసింది, అర్థమే చిక్కలేదు. మన ఊట బావి అడుగున ఉంటుంది, వాళ్ల ఊట అరిటాకులో ఉంటుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో నూటికి దాదాపు 14 మంది మాతృభాష తెలుగు. ఈ ఊరికి కొత్తగా వచ్చిన మనవాళ్లకు మొదట వినిపించే పలకరింపుల్లో ఒకటి, 'ఊట ఆయ్తా?' అంటే భోజనమైందా అని.

రెండు వేర్లు

కన్నడ 'ఊట'కు మూలం 'ఉణ్' అనే ధాతువు. తినడమని అర్థం. తమిళంలో ఉణవు, మలయాళంలో ఊణు దాని సంతానమే. మన వాడుకలో ఆ బరువంతా 'తిను' మోస్తోంది. కన్నడంలో రెండూ ఉన్నాయి కాబట్టి పని పంచుకున్నాయి. పొద్దున తినే ఫలహారం, చిరుతిళ్లు 'తిండి', మధ్యాహ్నం, రాత్రి తినేది 'ఊట'. బెంగళూరులోని వి.వి.పురంలో సాయంత్రమైతే చిరుతిళ్ల బండ్లతో కిటకిటలాడే వీధి 'తిండి బీది' అయింది అందుకే. మనకేమో తిండీ బట్టా అన్నప్పుడు తిండంటే మొత్తం ఆహారం.

తెలుగు 'ఊట' పుట్టింది 'ఊరు' నుంచి. చెమర్చడం, ఉబకడం, నానడం అన్నీ అందులోవే. తమిళంలో ఇది 'ఊఱ్ఱు'. అక్కడి జంట బండి-ఱ మన దగ్గర 'ట' అయింది. తమిళ 'మాఱ్ఱం' మన 'మాట' అయినట్టే. భాషా శాస్త్రవేత్తలు బరో, ఎమెనో 1961లో ప్రచురించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉణ్, ఊరు రెండింటినీ వేర్వేరు పద్దుల్లో ఉంచింది.

పోలికలు నమ్మొద్దు

ఒకే రూపానికి రెండు పుట్టుకలుండటం మన భాషలకే పరిమితం కాదు. లాటిన్ సంతతి అయిన ఫ్రెంచిలో 'an' అని రాసే మాటకు అర్థం ఏడాది. కెల్టిక్ కుటుంబానికి చెందిన ఐరిష్‌లో అవే అక్షరాలు నామవాచకం ముందు నిలిచి 'ఆ ఫలానా' అని సూచిస్తాయి. మొదటిది లాటిన్ 'ఆన్నుస్' బిడ్డ, రెండోదానికి దానితో ఏ సంబంధమూ లేదు.

రూపం ఒకటైతే చుట్టరికం ఉందనుకోవడం మనకు అలవాటు. అసలు చుట్టాలు వేరే వేషంలో ఉంటారు. ఆ అరిటాకు దగ్గరే కూర్చుని చూడండి. వడ్డించేది 'సారు', అది మన చారే. తర్వాత వచ్చే 'హుళి' మన పులుసుకు తోబుట్టువు. పాలు అక్కడ 'హాలు'. మన 'చ' ఉన్నచోట 'స', మన 'ప' ఉన్నచోట 'హ' పలుకుతాయి. అన్నం మళ్లీ వడ్డించబోతే చెయ్యి అడ్డుపెట్టి 'సాకు' అంటారు. మనకు సాకంటే నెపం. కానీ ఈ 'సాకు' వెనక ఉన్నది 'సాల్', అంటే మన 'చాలు'.

ఈ నిజం తెలిశాక పొరుగుభాష పరాయిదనిపించదు. అర్థం కాని మాటను తప్పుగా పలికిన తెలుగులా కాక, మన ఇంటినుంచే మరో దారిలో వెళ్లిన మాటగా వినగలుగుతాం. ఆ చెవి ఉంటే ఈ నగరంలో కన్నడం నేర్చుకోవడం భారం కాదు, బంధువుల ఇంటికి వెళ్లిరావడం.

ఆకు చివర చూడండి, చిటికెడు ఊరగాయ ఉంది. కన్నడిగులకది ఉప్పినకాయి. మనకు ఊరిన కాయ కాబట్టి ఊరగాయ. మన బావి అడుగున ఉబికే 'ఊరు' ధాతువే ఇక్కడా ఉంది. దాన్ని నాలికకు రాయగానే నోరూరుతుంది. వాళ్ల ఊటకు రుచి తెచ్చేది మన ఊటే.