కీ వాచీ టైమ్ తప్పుతోందా? పుల్ల జరిపే ముందు ఇవి చూడండి

ఈ ఎపిసోడ్‌లో కీ ఇచ్చే వాచీ టైమ్ ఎలా సరిచేస్తారో చూద్దాం.

మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు చాలా ఇళ్లల్లో నాన్నదో తాతదో ఒక హెచ్‌ఎంటీ వాచీ బీరువాలో ఉంటుంది. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన వాచీలు ఇవి. జనగామలో రైలు ఎక్కేవాళ్లకైనా, భూపాలపల్లిలో సింగరేణి షిఫ్టుకు పోయేవాళ్లకైనా రోజూ ఐదు నిమిషాలు వెనకపడే వాచీతో పని నడవదు. అందుకే మూలన పడేస్తాం.

లోపల జరిగేది ఏంటంటే, బ్యాలెన్స్ వీల్ అటూ ఇటూ ఊగుతుంటుంది. హెచ్‌ఎంటీ జనతా వాచీ అయితే గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు టిక్ అంటుంది. ఆ ఊపును నడిపేది వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగ్. ఊయల తాడు పొట్టిగా కడితే గబగబా ఊగుతుంది కదా, ఇదీ అంతే. పైన ఉండే రెగ్యులేటర్ పుల్లను ప్లస్ వైపు జరిపితే పనిచేసే స్ప్రింగ్ పొడవు తగ్గుతుంది, వాచీ వేగంగా నడుస్తుంది. మైనస్ వైపు జరిపితే నెమ్మదిస్తుంది.

వినడానికి సులువే. కానీ పుల్ల ఆఖరి పని. ముందు కొలవాలి. పూర్తిగా కీ ఇచ్చి, ఫోన్ టైమ్‌తో కలపండి. రోజూ అదే వేళకు కీ ఇస్తూ, ఎన్ని సెకన్ల తేడా ఉందో మూడు రోజులు రాసుకోండి. రోజుకు 86,400 సెకన్లు. అందులో 30 సెకన్ల తేడా అంటే 2,880లో ఒక వంతు. పాత వాచీకి అది పెద్ద లోపం కాదు.

ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు పోతుంటే అయస్కాంతం అంటిందేమో చూడాలి. స్పీకర్లు, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ల పక్కన పెడితే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. దిక్సూచి దగ్గర పెట్టినప్పుడు ముల్లు కదిలితే అనుమానించండి. మెకానిక్ దగ్గర అయస్కాంతం తీసేసే చిన్న మిషన్ ఉంటే నిమిషంలో పని అయిపోతుంది.

ఒకరోజు ముందుకు, ఒకరోజు వెనక్కి పోతున్నా, పూర్తి కీతో ఒక రోజైనా నడవకపోయినా నూనె ఎండిపోయి ఉండొచ్చు. అప్పుడు పుల్ల జరిపితే టైమ్ కొన్నాళ్లు కలిసినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఇరుసులు అరిగిపోతుంటాయి. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్రం ఒప్పుకుంది. అరిగిన దానికి అసలు పార్టు దొరకడం కష్టమే. ముందు సర్వీసింగ్, ఆ తర్వాతే పుల్ల.

తేడా రోజూ ఒకేలా ఉంటేనే పుల్ల ముట్టుకోవాలి. అదీ వెంట్రుక వాసి జరిపి, ఒక రోజు ఆగి చూడాలి. చెయ్యి జారి స్ప్రింగ్‌కు తగిలిందా, అది వంగిపోతుంది. చేయి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వండి, మీరు రాసుకున్న ఆ మూడు రోజుల లెక్క కూడా చూపించండి. ఆయనకు సగం పని అక్కడే తేలుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.